పదకొండింటికే కొత్త సంవత్సరం

"కుదరదండీ."

"ఏం, ముల్లు అరిగిపోతుందా?"

"పదకొండింటికి పన్నెండు పెట్టమంటే పెట్టను. పనిలో చేరిన రోజున మా నాన్న మొట్టమొదట చెప్పిన మాట అదే. తెలిసి తెలిసి తప్పు టైమ్ పెట్టకూడదని."

కుర్చీ ఎక్కి గోడ గడియారం బాగుచేసి దాని తలుపు మూస్తున్న ఆ మనిషిని చిట్టి ఎగాదిగా చూసింది. సన్నగా, పొడుగ్గా, గడియారంలోంచి ఊడిపడ్డ లోలకంలా ఉన్నాడు. దానికి తగ్గట్టు పట్టుదలొకటి.

"బాగు చేయమన్నారు, చేశాను. ఇప్పుడు నిమిషం తేడా రాదు. వస్తానండీ," అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"పోండి! నాకు చేతుల్లేవా?" అంది చిట్టి, అతను గుమ్మం దాటాక.

చిట్టి అన్నది అన్నయ్య పెట్టుకున్న ముద్దుపేరు. పెళ్లి పొసగక, విడాకులు పుచ్చుకుని, పాపను చంకనేసుకుని అన్నగారింటికి వచ్చేశాక అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆ పేరే ఖాయమైంది. అన్నయ్య తనకున్న కింది గదిని ఆమెకిచ్చాడు. అందులో క్రెష్ పెట్టుకుంది. అపార్ట్‌మెంట్‌లో ఉద్యోగాలు చేసే తల్లులందరి పిల్లలూ పగలంతా అక్కడే.

అక్కడితో ఆగితే బాగుండేది. ఏటా డిసెంబరు ఆఖరి రాత్రి మేడ మీద పార్టీ జరుగుతుంది. పాటలు, డాన్సులు, కేకు, అన్నీ జంటలు జంటలుగా. "నువ్వెలాగూ ఖాళీయే కదమ్మా," అంటూ వదిన తీపిగా పిల్లలందరినీ తెచ్చి చిట్టికి అప్పజెబుతుంది. పైన కేరింతలు, కింద తడిసిన పక్కలు.

ఈసారి వాళ్ల పప్పులు ఉడకనివ్వదలచుకోలేదు చిట్టి. ముప్పయ్యొకటిన పగలే పిల్లలకు కొత్త సంవత్సరం చేసేస్తుంది. రాత్రికి ఎవరి పిల్లల్ని వాళ్లే చూసుకోవాలి. నిజంగా పన్నెండు దాకా ఆగితే పిల్లలు ఆకలికి రాగం అందుకుంటారు. అందుకే పదకొండింటికి గడియారం పన్నెండు కొట్టాలి.

కుర్చీ ఎక్కి ముల్లు పట్టుకుని గిర్రున తిప్పి చూసింది. అంతే! గడియారం మూడు చూపించి తొమ్మిది కొట్టింది. ఇంకాస్త తిప్పితే ఆరు చూపించి పది కొట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చిట్టికి ఏడుపొక్కటే తక్కువ.

సిగ్గు చంపుకుని ఫోన్ చేసింది. చిన్న తుంపరలో గొడుగు వేసుకుని వచ్చాడతను. గడియారాన్ని చూశాడు, ఆమెను చూశాడు, పెదవి కొరుక్కున్నాడు.

"నవ్వితే నవ్వండి. ఆపుకుంటే కడుపునొప్పి వస్తుంది," అంది చిట్టి.

"ఇది పాతకాలం గడియారమండీ. ముల్లు దారి ముల్లుది, గంట దారి గంటది. గంట ఎన్ని కొట్టిందో ముల్లును అక్కడికి తెచ్చి, అక్కణ్ణుంచి ఒక్కో గంటా కొట్టించుకుంటూ రావాలి."

అలా మొదలుపెట్టాడు. కొట్టనిచ్చి, ఆగి, మళ్లీ తిప్పి.

"మీతో ఒక మాట..." టంగ్ టంగ్.

"ఏంటి?"

"అదే, మీరు మాట్లాడేది నాతో, చూపేమో..." టంగ్ టంగ్ టంగ్.

"చూపుకేమైంది?"

"ఎప్పుడూ పాప మీదే ఉంటుంది. పడుతుందేమో, ఏమైనా నోట్లో పెట్టుకుంటుందేమో అని. మిమ్మల్ని చూసేవాళ్లెవరూ లేరా?"

చిట్టి గతుక్కుమంది. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. బదులు చెప్పేలోగా గడియారం మళ్లీ అందుకుంది. ఆ గోల ఇంకాసేపు సాగితే బాగుండుననిపించి, తన మీద తనకే కోపం వచ్చింది.

పని అయిపోయింది. అతను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"వాన పడుతోంది."

"సంచీలో గొడుగుంది కదండీ."

"ఉంది. చిల్లు పడింది."

"కొత్తదిలా ఉందే?"

"చిల్లు కూడా కొత్తదేనండీ."

ఈసారి చిట్టి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

"రేపు పదకొండింటికి వస్తాను. టైమ్ నేనే పెడతాను," అన్నాడతను.

"మరి మీ నాన్నగారి మాట?"

"అప్పటికి తూర్పున ఏదో ఊళ్లో పన్నెండు అయ్యే ఉంటుంది. వాళ్ల టైమ్ పెడతాను. తప్పెలా అవుతుంది?"

"మీరు లాయరు కావాల్సిందండీ!"

"లాయరునైతే మీరు నన్నెందుకు పిలుస్తారు?"

మర్నాడు గది నిండా బుడగలు, రంగు కాగితాలు. సెలవు పెట్టుకున్న తల్లులు కొందరు వచ్చారు. చెప్పిన ప్రకారం అతనూ వచ్చి కుర్చీ ఎక్కాడు. అంతలో అన్నయ్య, వెనకే వదిన.

"ఇదేం చోద్యమమ్మా, పట్టపగలు కొత్త సంవత్సరం!" అంది వదిన. "రాత్రికి పిల్లలు నీ దగ్గరే కదా?"

"కాదు వదినా. ఈ రాత్రి ఎవరి పిల్లలు వాళ్ల దగ్గరే."

"నీకేం రాచకార్యం ఉందని?"

"ఏమీ లేదు. లేకపోతే మాత్రం నా రాత్రి నాది కాదా?"

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "చిట్టీ! ఈ గది నాది. నా మాట చెల్లకపోతే ఇప్పుడే తాళం వేసేస్తాను."

ఆ గది పోతే పాపకు పాలడబ్బా కూడా ఇంకొకరు కొనిపెట్టాలి. అయినా చిట్టి తాళంచెవి తీసి అన్నయ్య ముందు పెట్టింది.

"వేసెయ్యి అన్నయ్యా. మెట్ల మీద చేసుకుంటాం."

"ఆగండాగండి!" రెండో అంతస్తు నర్సమ్మ ముందుకొచ్చింది. "తాళం వేస్తే మా వాణ్ణి ఎల్లుండి ఎక్కడ దింపమంటారు? మీ ఆఫీసులోనా?"

"మా కవలలైతే కొరుకుతారు కూడానండీ. ముందే చెబుతున్నా," అంది పక్కింటావిడ.

అన్నయ్య తాళంచెవి ముట్టుకోలేదు. కోపం దిగడానికి దారి వెతుక్కుంటూ కుర్చీ మీది మనిషిని చూశాడు.

"అసలు నువ్వెవడివయ్యా? గడియారం నిన్ననే బాగైందన్నారుగా?"

"అవునండీ. గడియారం పని నిన్ననే అయిపోయింది. ఇవాళ ఈవిడ కోసం వచ్చాను."

తల్లులందరూ ఒక్కసారిగా చిట్టి వైపు తిరిగారు.

"ఇక్కడా చెప్పేది?" పళ్లబిగువున అంది చిట్టి.

"నిన్న చెబుదామంటే గంటలు కొట్టాయండీ."

"ఓహో, అదీ సంగతి! ఇందుకా ఈ పండగ?" అన్నాడు అన్నయ్య.

"ఇందుకు కాదు." చిట్టి తలెత్తింది. "ఆయన రాకపోయినా ఈ పండగ జరిగేది. రాత్రికి నేను పిల్లల్ని చూసేదాన్నీ కాదు. కానీ ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది. దాచుకోవడానికి నేనేం తప్పు చేయలేదు. అందుకే అందరి ముందూ చెబుతున్నా."

కుర్చీ మీద అతను ముల్లును పన్నెండు మీదకి తెచ్చాడు. టంగ్! గడియారం మొదలుపెట్టింది. "పది, తొమ్మిది, పదిహేను!" అంటూ పిల్లలు నోటికొచ్చిన అంకెలన్నీ అరిచేశారు. రంగు కాగితాలు వదిన కొప్పు నిండా పడ్డాయి. పాప కేకు చేతులతో పరిగెత్తుకొచ్చి అన్నయ్య ప్యాంటు పట్టుకుంది.

"మామా, హ్యాపీ!"

తిడదామని వంగిన అన్నయ్య ఎత్తుకోక తప్పలేదు. ఎత్తుకున్నాక ముఖం గంటు పెట్టుకుని ఉండడం ఆయన వల్ల కాలేదు.

"ఇల్లూ వాకిలీ ఏమైనా ఉన్నాయా నీకు?" అన్నాడు గొంతు సవరించుకుని.

"షాపుందండీ. దాని పైన రెండు గదులు, అమ్మ."

"రాత్రి మేడ మీదకి రా. మాట్లాడదాం. సరేనన్నానని అనుకోకు."

అన్నయ్య పక్కకు వెళ్లగానే అతను కుర్చీ దిగాడు. "మీరూ వస్తారుగా, రాత్రి?"

"రాను."

"అదేంటండీ!"

"పాపని పక్కలో వేసుకుని కంటినిండా నిద్రపోతాను. అది పుట్టాక అలా పడుకుని ఎరగను. మీరెళ్లి మాట్లాడుకోండి. ఏమన్నాడో తెల్లారాక వచ్చి చెప్పండి."

"కాదంటే?"

"అన్నా సరే, కాఫీ మన ఇద్దరికీ పెడతాను."