నాలుగు వేళ్ళ దూరం

మైకు కొనడం ఇంత తలనొప్పి అవుతుందని ముందే తెలిస్తే, ఆ ఉద్యోగానికో దండం పెట్టి కాఫీ పళ్ళు కోసుకుంటూ కూర్చునేదాన్ని.

నా పేరు రత్న. పుట్టింది చోడవరం. పెళ్ళయి పాడేరు పైనున్న ఈ కొండూరికి వచ్చి ఎనిమిదేళ్ళు. మా ఆయన బుధు పాడేరు నుంచి ఊళ్ళకి జీపు నడుపుతాడు. మా అత్త చిట్టెమ్మకి కాఫీ తోటే లోకం. మాకో కూతురు, స్వర్ణ, ఆరేళ్ళది. నా ఉద్యోగం ఏమిటంటే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకి తెలుగు కథలు చెప్పడం. రోజూ పదకొండింటికి మీటింగు. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మా మేనేజరు మాధవి గారు విశాఖలో ఉంటారు. మంచి మనిషే గానీ మొహమాటం లేదు.

"రత్నా, మీ గొంతు బంగారం. కానీ ఆ రేకుల మీద వాన, ఆ కోడి, ఆ కుక్కర్ విజిల్... మాకు మీ గొంతు తప్ప అన్నీ వినిపిస్తున్నాయి. శుక్రవారం మా కంపెనీ పెద్దవాళ్ళు వింటారు. ఆలోగా మంచి మైకు చూసుకోండి. లేకపోతే నేనేం చెయ్యలేను" అన్నారు.

ఈ ఉద్యోగం పోతే నేను విశాఖ వెళ్ళి ఏ బట్టల షాపులోనో చేరాలి. స్వర్ణని హాస్టల్లో వెయ్యాలి. నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోని పిల్ల అది. దాన్ని వదిలి ఉండటం నా వల్ల కాదు. నా తాపత్రయమంతా అందుకే.

పాడేరులో సోములు సెల్ షాపు ఉంది. బుధుకి స్నేహితుడు. నచ్చకపోతే మార్చుకోవచ్చన్న మాట మీద మొదట ఓ కాలర్ మైకు ఇచ్చాడు. జాకెట్టుకి తగిలించుకునే చిన్న గింజ.

"ఇదే అన్నిటికన్నా సౌక అక్కా. కానీ సుట్టుపక్కలదంతా వింటాది, ముందే సెప్తన్నాను" అన్నాడు.

నవంబరు నెల. పండు కోతల కాలం. ఊరంతా తోటల్లోనే. స్వర్ణ బడికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, పొగమంచూ. పగలు పన్నెండైనా గుమ్మం అవతల మిరియాల తీగ కనపడటం లేదు. చెట్ల మీంచి రేకుల మీదకి ఒక్కో చుక్కా పడుతోంది. పెరట్లో కాఫీ తొక్కలు కుప్ప పోసి పులిసిపోయి, ఇల్లంతా అదో తీపి కుళ్ళు వాసన. మైకు తగిలించుకుని, రికార్డింగు నొక్కి, మా అత్త స్వర్ణకి చెప్పే కథ ఒకటి మొదలెట్టాను. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల.

అనగనగా ఒక గుంట. అడ్డాకులు కోసుకురావడానికి కొండెక్కింది. మంచు కమ్మేసింది. దారి తప్పింది. ఎవరైనా నన్ను ఇంటికి తీసుకెళ్తారా అని కేకేసింది...

అంతవరకు చెప్పి ఆపి, విన్నాను. నా గొంతు బాగానే ఉంది. చుక్కల చప్పుడు ఉంది. ఒక్కో వాక్యం తర్వాత, ఎక్కడో దూరంగా, వాలు కిందనుంచి అన్నట్టు ఇంకొకటి ఉంది.

"ఊఁ."

ఎవరో తోటలో పిలుచుకుంటున్నారులే అనుకున్నాను. సాయంత్రం అత్తకి చెబితే మాత్రం చేట కింద పెట్టేసింది.

"ఒక్కర్తివే కూకుని కథ సెప్పీసినావేటే? ఊకొట్టేవోలు నేకుండా సెప్పకూడదని నీకెన్నిసార్లు సెప్పాను? మనుసులు ఊకొట్టకపోతే ఇంకోలు కొడతారే."

"చాల్లే అత్తా. మీటింగులో పాతికమంది ఉంటారు, అందరూ మ్యూట్‌లోనే ఉంటారు. ఎవడు ఊకొడతాడు?" అని నవ్వేశాను.

ఆవిడ కథల పద్ధతులన్నీ నాకు నవ్వే. లోకమంతా 'కథ కంచికి, మనం ఇంటికి' అని ముగిస్తే, ఈవిడ 'కథ కొండకి, మేం ఇంటికి' అంటుంది. "మేం కాదత్తా, మనం. ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళని వదిలేసి పోతావా?" అని ఏడిపించేదాన్ని. "నోర్ముయ్యే, నీకు తెల్దు" అనేది.

కాలర్ మైకు ఇచ్చేసి బల్ల మీద నిలబెట్టే మైకు తెచ్చాను. గొంతు రేడియోలోలా వచ్చింది. కానీ ఊఁ అన్నది ఈసారి మా గుమ్మంలోంచి వచ్చింది. పిల్లదో, ముసలిదో తెలియని గొంతు. తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. అరుగు మీద తడి మాత్రం ఉంది, ఆ మంచులో అన్నీ తడే కదా అని సరిపెట్టుకున్నాను.

గురువారం సోములు మీద ఎగిరాను. "ఏం మైకులు అమ్ముతున్నావయ్యా? ఊళ్ళో వాళ్ళందరి గొంతులూ వస్తున్నాయి!"

వాడు నవ్వి, తలకి పెట్టుకునేది తీశాడు. చెవుల మీద రెండు డిప్పలు, నోటి ముందుకి వంగిన ఓ పుల్ల, దాని చివర స్పాంజి తొడుగు. "కాల్ సెంటరోలు ఎట్టుకునేది అక్కా. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నదే వింటాది. పక్కన బాంబు పేలినా వినదు. ఆ మూడిట్లోనూ నీకు పనికొచ్చేది ఇదే."

పరీక్ష చెయ్యడానికి టైము లేదు. నిజం చెప్పాలంటే, ధైర్యమూ లేదు.

శుక్రవారం పదకొండు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, పట్టపగలు లైటు వేసుకున్నాను. అత్త తోటకి వెళ్ళింది. స్వర్ణ బడిలో ఉంది. తలుపు గడియ పెట్టాను. తెర మీద పాతిక గళ్ళు, పాతిక మొహాలు, అందరూ మ్యూట్. మాధవి గారు చెయ్యి ఊపి మొదలెట్టమన్నారు.

ఆ గాభరాలో వేరే కథ ఒక్కటీ గుర్తు రాలేదు. అదే వచ్చింది.

"అనగనగా ఒక గుంట. అడ్డాకులు కోసుకురావడానికి కొండెక్కింది."

మాట్లాడుతుంటే తెర మీద నా గడి చుట్టూ ఆకుపచ్చ గీత వెలుగుతుంది. ఆపితే ఆరిపోతుంది. ఆపాను. ఆరింది.

మళ్ళీ వెలిగింది.

నా నోరు మూసే ఉంది. కిటికీ కూడా మూసే ఉంది. చాట్‌లో మాధవి గారి మెసేజి వచ్చింది. 'ఊకొట్టేది మీ పాపేనా? చాలా బాగుంది. కానివ్వండి.'

లేచి పారిపోవాలనిపించింది. కానీ పాతిక మొహాలూ చూస్తున్నాయి. లేస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే స్వర్ణ హాస్టల్లో ఉంటుంది. గొంతు సవరించుకున్నాను.

"మంచు కమ్మేసింది. దారి తప్పింది."

గీత ఆరింది... వెలిగింది.

నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నదే వింటాది. సోములు మాట చెవిలో మోగింది. అంటే అది గుమ్మంలో లేదు. గదిలో ఏ మూలా లేదు. నా నోటికీ, ఆ పుల్లకీ మధ్యనే...

చెయ్యి ఎత్తి, నాలుగు వేళ్ళూ ఆ సందులో పెట్టాను.

వేళ్ళ మీద ఊపిరి తగిలింది. చల్లగా. తడిగా. పులిసిన కాఫీ తొక్కల వాసనతో.

నాది కాదు. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను.

ఆ తర్వాత ఏం చెప్పానో సగం గుర్తులేదు. గుంట కేకలు వాళ్ళమ్మకి వినపడ్డాయనీ, వచ్చి చెయ్యి పట్టుకుందనీ గబగబా ముగించేశాను. నోటికి అలవాటైన మాట నోటంట వచ్చేసింది.

"కథ కంచికి, మనం ఇంటికి."

"ఊఁ..." అంది. ఈసారి నా చెవులతోనే విన్నాను.

తెర మీద చప్పట్లు కొడుతున్నారు. మాధవి గారు మ్యూట్ తీసి, "కంగ్రాట్స్ రత్నా, మీరు పర్మనెంట్. ఆ ఊకొట్టడం మాత్రం మానొద్దు, పెద్దవాళ్ళకి అదే నచ్చింది" అన్నారు. నేను స్పాంజి తొడుగు పట్టుకుని చూశాను. నా పెదవి దానికి ఒక్కసారీ తగల్లేదు. అయినా తడిసి ముద్దయింది.

అత్త వచ్చేసరికి గుమ్మంలోనే కూలబడి ఉన్నాను. అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"ఆకరికి ఏటన్నావే?"

"అందరూ అనేదే అత్తా. మనం ఇంటికి అన్నాను."

కాఫీ పళ్ళ బుట్ట చేతిలోంచి జారిపోయింది. "మనం అన్నావా? మనం అంటే ఎవులెవులే? ఊకొట్టినోలు కూడా మనవే గదే! అందుకే గదా మేం అంటాను. ఆ గుంట ఇంటికి తీసుకెల్లమని అడగతంటే, నువ్వు రా అనీసినావు గదే తల్లీ..."

"నీ పిచ్చి మాటలతో నన్ను చంపకు!" అని అరిచాను. పెద్దావిడ మీద ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. ఆవిడ వంగి పళ్ళు ఏరుకుంది.

ఆ రాత్రి నుంచి స్వర్ణ నా చెవి పట్టుకోవడం మానేసింది. చాప మీద ఓ పక్కకి జరిగి పడుకుంటోంది. ఎందుకే అంటే, "సోటు సాలదు గదమ్మా" అంటుంది. అన్నంలో సగం పళ్ళెం అంచుకి తోసి ఉంచుతుంది. ఒకరోజు సాయంత్రం అది పెరట్లో ఒక్కతే కూర్చుని ఏదో చెబుతోంది. ఒక్కో మాటా చెప్పి, ఆగి, తలూపి, మళ్ళీ చెబుతోంది. నేను వెనక నిలబడి విన్నాను. ఎంతసేపు వినగలిగానో నాకే తెలుసు.

పిల్లని ఈ ఇంట్లో ఉంచకూడదనుకున్నాను. ఏ హాస్టలు తప్పించడానికి ఇంత చేశానో, అదే హాస్టల్లో నా చేత్తో నేనే దింపి వచ్చాను. బుధే జీపు నడిపాడు. స్వర్ణ ఏడవలేదు. నేనే దారంతా ఏడ్చాను.

మర్నాడు మీటింగులో మైకు శుభ్రంగా ఉంది. నేను ఆపితే గీత ఆరిపోయింది. ఆరి, అలాగే ఉంది. ప్రాణం లేచొచ్చింది. మాధవి గారు మాత్రం, "అదేంటి రత్నా, ఊకొట్టే పాప ఏది? ఎక్కడికైనా పంపేశారా?" అన్నారు మామూలుగా.

ఎక్కడికి పంపేశాను? ఆ ప్రశ్న అప్పుడు తట్టింది నాకు.

ఆదివారం పొద్దున్న వార్డెన్ మేడం ఫోనుకి చేసి, స్వర్ణకి ఇమ్మన్నాను.

"తిన్నావా తల్లీ?"

"మేం తిన్నాం." నోట్లో ఏదో నములుతోంది.

"మేం అంటే... నీ ఫ్రెండ్సా?"

నమిలే చప్పుడు వినపడుతోంది. అది ఆగకుండానే, ఆ చప్పుడు మీదుగా, ఫోనుకి బాగా దగ్గరగా...

"ఊఁ."

"స్వర్ణా! ఎవరే అది? ఎవరున్నారే నీ పక్కన?"

నమలడం ఆగింది. స్వర్ణ గొంతు తగ్గించి, పక్కనున్నవాళ్ళు అడగమంటే అడిగినట్టు, అడిగింది.

"అమ్మా... మేం ఇంటికెప్పుడు రావాలి?"