బొట్టు లేని బండి

గంగ రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్ టీకొట్టు ముందు, పట్టపగలు, ప్రదీప్‌కుమార్‌ను కాల్చేశారు. సైలెన్సర్ తుపాకీ. అతని చేతిలోని మట్టికప్పు పగిలిన చప్పుడే పెద్దగా వినిపించింది. తోటి ఏజెంట్ జగన్మోహన్ ఒడిలో తల పెట్టుకుని అతను అన్నది ఒక్కటే మాట.

"పూజ అయ్యాక... ఒక అంబులెన్సు మార్చేశారు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. "ఆరు అంబులెన్సులు. ఏ కూటమిలోనూ చేరని దేశం మనతో కలిసి శాంతిసేనకు పంపుతోంది. మార్చినదాంట్లో బాంబుంటుంది. ఓడ ర్యాంపు ఎక్కితే పేలుతుంది. మన రేవులో పేలిందా, ఆ దేశం చేతులు దులిపేసుకుంటుంది. ఇక మనతో ఎవడూ కలవడు."

"లోడింగ్ ఆపించండి సార్."

"ఆపితే రిమోట్ నొక్కుతారు. అదెవరి దగ్గరుందో తెలీదు."

ప్రదీప్ ఉన్నాడా పోయాడా అని చీఫ్ అడగలేదు. అడగరు.

ఖలాసీ వేషంలో జగన్మోహన్ రేవులో దూరాడు. లైటర్‌లో దాచిన స్కానర్ అన్ని బళ్ళకూ పచ్చదీపమే చూపించింది. లక్షలు పోసి కొన్న సరుకు, బీడీ ముట్టించుకోవడానికి పనికొస్తుంది. నాలుగు బళ్ళు అప్పటికే ఓడ ఎక్కాయి. ఐదోదాని స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్ అతని తండ్రి గవరయ్య.

"ఏటిరా, ఆపీసు మానీసి ఈ ఏసవేటి?"

అంతలో జగన్మోహన్ వెనక సెంటు వాసన. రమాకుమారి. అంబులెన్సులు పంపుతున్న ఆ దేశపు కర్నల్‌కు దుబాసీ. రహస్యాలు జగన్మోహన్‌కీ అమ్ముతుంది, బాంబు పెట్టిన ముఠాకూ అమ్ముతుంది. చేతిలో పౌడర్ డబ్బా తెరిచి ఉంది. బొటనవేలు మాత్రం పౌడర్ మీద కాదు, డబ్బాలోని రిమోట్ మీట మీద ఉంది.

"బండి ఆగితే నొక్కమన్నారు, జగన్ దాదా. మా కర్నల్‌గారిలాగే నేనూ న్యూట్రల్. ఎవరి వైపూ కాను."

"ఆయన ఎవరి మీదా తుపాకీ ఎత్తడు. దెబ్బతిన్నవాడికి బండి పంపుతున్నాడు. నీది న్యూట్రల్ కాదు, బేరం." గొంతు తగ్గించాడు. "బండిలో ఉన్నది మా నాన్న."

ఆమె చూపు స్టీరింగ్ వైపు మళ్ళింది. బండి కదిలింది. జగన్మోహన్ కిటికీ పట్టుకుని పరుగెత్తాడు.

"నాన్నా, నిన్న విశ్వకర్మ పూజకి ఈ బళ్ళకి బొట్టు పెట్టారా?"

"కర్నలు దొర ఒద్దన్నాడు గదా. ఎవులి గురుతూ బండి మీద ఉండకూడదట."

"నిజం చెప్పు!"

"బొట్టు నేని బండి నానెక్కుతానేటి? అన్నిటికీ మీ యమ్మే ఎట్టింది, బోనెట్టు లోపల. దొరకి సెప్పీకు."

"బోనెట్ మీట లాగు!"

బండి నత్తలా పాకుతూ ర్యాంపు దగ్గరికొచ్చింది. పక్కనే పరుగెడుతూ జగన్మోహన్ బోనెట్ ఎత్తాడు. లోపలంతా తెల్లగా ఉంది. కుంకుమ చుక్క లేదు. "బొట్టు లేదు నాన్నా!"

"ఒరే, ఇది మన బండి కాదురా!" గవరయ్య బ్రేకు తొక్కాడు.

ముందు చక్రాలు ర్యాంపుకు జానెడు దూరంలో ఆగాయి. జగన్మోహన్ వెనక్కి తిరిగాడు. రమాకుమారి విసిరిన పౌడర్ డబ్బా అతని తల మీదుగా ఎగిరి నీళ్ళలో పడింది.

"ఇక వాళ్ళు నన్ను బతకనివ్వరు," అంది రమాకుమారి.

"మా వైపు వచ్చెయ్."

"మీరు బతకనిస్తారా?"

ప్రదీప్ ముఖం, అతని గురించి అడగని చీఫ్ గొంతు గుర్తొచ్చాయి. జగన్మోహన్ చెవిలోంచి ఇయర్‌పీస్ తీసేశాడు.

అసలు బండి గంగకు అవతల లిలువాలో ఒక షెడ్డులో దొరికింది. బళ్ళ మీద ఏ గుర్తులూ లేవని కర్నల్ తన రిపోర్టులో రాయించాడు. దొంగల చేతిలో మైలపడిన బండికి మళ్ళీ బొట్టు పెట్టాలని జగన్మోహన్ తల్లి తవిటమ్మ కుంకుమ భరిణె తెచ్చింది.

కర్నల్ గంగవైపు తిరిగి, ఆమె పని అయ్యేదాకా, పడవలు చూస్తూ నిలబడ్డాడు.