తొడుగు లేని పేజీ

పొద్దున్నే షేవింగ్ చేసుకుంటున్న ఏజెంటుని కిటికీలోంచి కాల్చి చంపారు. అతని ఇల్లెక్కడో కన్నతల్లికి కూడా తెలియదు. తెలిసింది ఏజెంట్ల వివరాలు దాచే డిపార్ట్‌మెంట్ అడ్మిన్ ప్యానెల్‌కి మాత్రమే.

చీఫ్, ఏజెంట్ డేగని పిలిచి క్లుప్తంగా చెప్పాడు. ప్యానెల్‌లో ఎవరో దొంగచాటుగా కొత్త పేజీ కలిపారు. అది మెనూలో కనిపించదు. లింకు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది. విదేశీ ముఠా అందులోంచి రోజుకో ఏజెంటు అడ్రసు చదువుకుంటోంది. ఇప్పుడే మూసేస్తే కలిపినవాళ్లు జారిపోతారు.

"ముందు మనిషి కావాలి" అన్నాడు చీఫ్.

డేగ పెట్టుడు మీసంతో, ఏసీ మెకానిక్ వేషంలో ప్రోగ్రామర్ల గదిలో అడుగుపెట్టాడు. టూల్‌బాక్స్‌లో, చుట్టూ ఉన్న స్క్రీన్లని దొంగతనంగా చూపించే పరికరం ఉంది. ఆ గదిలో అందరికన్నా చురుకైనది, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, అతని భార్య చెల్లెలు. చిన్నప్పుడు ఆమెని భుజాన మోసిందీ, ఈ ఉద్యోగానికి హామీ సంతకం పెట్టిందీ అతనే.

అతని మీసం చూసి ఆమె నవ్వు ఆపుకుంది. సంగతి విని, కోడ్ తెరిచి ఓపిగ్గా వివరించింది. అడ్మిన్‌లో ఏ పేజీ కలిపినా తెరిచేవాళ్లకి అనుమతి ఉందో లేదో చూసే పర్మిషన్ చెక్ అనే తొడుగు దానికి వెయ్యాలట. దీనికి కావాలనే వెయ్యలేదట. ఈమధ్య మానేసిన సీనియర్ పనే అయ్యుంటుందని నిట్టూర్చింది.

డేగ నమ్మాడు. నిచ్చెనెక్కి, అలవాటు కొద్దీ పరికరం నొక్కాడు. ఆమె స్క్రీనే వచ్చింది. అదే పేజీ. తర్వాత బయటపడబోయే అడ్రసు అతనిదే. కింద సెకన్లు తగ్గుతున్నాయి.

దిగి వచ్చాడు.

"అది మా ఇల్లు. మీ అక్క ఉంటుంది అందులో."

"అక్కని సినిమాకి పంపించాను బావా."

తూటాలు తిన్న ఒళ్లే అయినా, ఈ నొప్పి ఎక్కడ పుడుతోందో అతనికి అంతుపట్టలేదు.

"ఎందుకు?"

"నీ హామీ ఉందని నన్నెవరూ అనుమానించరు. వాళ్లకి అదే నచ్చింది, అడిగినంత డబ్బిచ్చారు."

ఆమె కుర్చీని పక్కకి నెట్టేశాడు. ఇందాకటి కోడ్ ఇంకా తెరిచే ఉంది. ఆమె చూపించిన తొడుగునే పేజీకి చుట్టి, సర్వర్ రీస్టార్ట్ నొక్కాడు. కౌంట్‌డౌన్ సున్నా కొట్టింది. బయటినుంచి వచ్చిన రిక్వెస్టు, లాగిన్ పేజీకి తగిలి వెనక్కి పోయినట్టు లాగ్‌లో ఒక లైను పడింది.

అతను పిలిచిన గార్డులు తీసుకెళ్తుంటే ఆమె వెనక్కి చూడలేదు. అతను చూస్తూనే ఉన్నాడు.

"మీ ఆవిడకి ఎవరు చెప్తారు?" అని ఫోన్లో అడిగాడు చీఫ్. "కావాలంటే బలగాల్ని పంపిస్తాను."

"సరిపోవు సార్" అన్నాడు డేగ.