తాయారు గీసిన గోదారి

ఏరు జరిపే రోజు కాబట్టి తెల్లారేసరికే పడవలన్నీ గట్టెక్కించేశారు. ఏరుదిద్దరి యంత్రం వదిలిన ఇసుకపురుగులు, అంటే వేలెడేసి మరలు, నీటి అడుగున బిలబిలమంటూ గోదారిని పాతకాలపు పటాల్లో ఉన్న చోటికి తోస్తున్నాయి. ఆ పటాలా, చివికి మడతలు పడిపోయాయి. మడత ఏదో, పాయ ఏదో యంత్రానికి తెలిసి చావదు. అందుకని తాయారు వాటిని చూసి రంగుల్లో బొమ్మ గీస్తుంది. నీలం నీరు, పసుపు ఇసుక, ఆకుపచ్చ లంక. యంత్రం ఆ బొమ్మను చదివి ఏటిని అలాగే తిప్పుతుంది.

"అమ్మగారూ! నా అరటితోటలో గొయ్యి పడిందండీ! ఇంటి మెట్లదాకా వచ్చేసింది. ఏం బొమ్మ గీశారండీ మీరు?" లంకరైతు ఏసుదాసు గట్టు మీంచే అరిచాడు.

తాయారుకి ఒళ్ళు మండింది. అక్కడ తను ఆకుపచ్చ తప్ప మరో రంగు వెయ్యలేదు. ఏసుదాసును వెంటబెట్టుకుని రేవు పక్కనే ఉన్న ఇంజినీరు గిరిధరం గదిలోకి దూసుకెళ్ళింది.

"మీ మరకి మతి పోయింది. ముందు ఆపండి!"

"యంత్రం తప్పు చదవదండీ." ఆయన తెర మీద బొమ్మను పెద్దది చేశాడు. "ఇదిగో, లంక నడుమ నలుపు. రంగు ముదిరేకొద్దీ లోతు. నలుపంటే అడుగందని మడుగు."

"అది దిష్టిచుక్కండీ!"

"అంటే?"

"అంటే ఏంటి మీ మొహం! మీ అమ్మ మీకు బుగ్గన పెట్టలేదా? బొమ్మ బాగా వచ్చిందని పెట్టాను. మా నాన్న పెట్టేవాడు, నేనూ పెడతాను. అదీ ఓ రంగేనా? ఆ సంగతి మరకి చెప్పాలని మీలో ఒక్కరికైనా తోచలేదా?"

"రంగుల పట్టికలో దిష్టి లేదండీ. బొమ్మ మార్చాలంటే పైనుంచి అనుమతి..."

"ఈయన ఇల్లు మునిగాక వస్తుందా మీ అనుమతి?"

గది మూలనున్న యంత్రం ముందు పరిచి ఉన్న బొమ్మ మీదికి తాయారు వంగి, తన సంచిలోని ఆకుపచ్చ రంగు వేలితో తీసి, చుక్క మీద కసిగా రుద్దేసింది. బయట ఇసుకపురుగుల రొద ఒక్క క్షణం ఆగి, వెనక్కి మళ్ళింది. గొయ్యి పూడటం మొదలైంది.

ఇల్లు దక్కిందని ఏసుదాసు సంతోషించలేదు.

"ప్రతి బొమ్మకీ పెడతారా అమ్మగారూ?"

"ప్రతిదానికీ."

"పొన్నలంక రేవు బొమ్మ కూడా తమరిదేనాండీ?" అతను ఆమె వేలికంటిన రంగు వంకే చూస్తున్నాడు. "మోకాలిలోతే కదాని దిగింది మా అమ్మాయి. మళ్ళీ పైకి రాలేదు. అక్కడ మడుగెక్కడిదని అడిగితే, పిల్లే చూసుకోలేదన్నారండీ వీళ్ళు!"

గిరిధరం తల దించుకున్నాడు. తాయారుకి ఇందాకటి కోపమంతా తన చేతివేళ్ళ మీదికే తిరిగింది. ఆ రేవు బొమ్మ మిగతావాటికంటే అందంగా కుదిరిందని, చుక్క కాస్త పెద్దదే పెట్టింది.