డౌటు నీకా, నీ మీదా?

సూపులో వేరుశెనగ గుళ్లు ఉన్నాయా అని హోటల్లో దిగిన దొర అడిగినప్పుడు తెలీదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. వంటవాడు బిమో ఊరుకునే రకం కాదు. ముందురోజు ఎక్కడో విన్న పెద్ద మాట ఒకటి నాలుక మీద దురద పెడుతోంది.

"ఐ యామ్ డ్యూబియస్, సార్!" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.

దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. రిసెప్షన్‌లో ఉన్న వెనింగ్‌కి మాత్రం ఒళ్లు మండింది. మలాంగ్ ఊరి చివరి ఆ చిన్న హోటల్లో వంటవాళ్లకీ రూమ్ బాయ్స్‌కీ మధ్యాహ్నాలు ఇంగ్లీషు చెప్పేది ఆమే. పోయింది ఆమె పరువు.

"నన్ను నమ్మకండి, నేను తేడా మనిషిని అని చెప్పుకున్నావు, తెలుసా?"

"నాకు సందేహంగా ఉందండీ అన్నాను, అంతే కదా!"

"అది డౌట్‌ఫుల్. డౌటు నీకుంటే డౌట్‌ఫుల్. డౌటు నీ మీదుంటే డ్యూబియస్. పుస్తకాల్లో అక్కడక్కడా రెండూ కలిసిపోతాయిలే. మనిషి పేరు పక్కన పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త."

"మరి నువ్వు కళ్లు చిన్నవి చేసి నన్నే చూస్తున్నావే! ఇప్పుడు నువ్వు డౌట్‌ఫులా, నేను డ్యూబియసా?"

"రెండూను. పోయి గుడ్లు వేయించు, టీచర్లతో వేళాకోళమా?"

ఆమె మొహం తిప్పుకుంది కానీ నవ్వు ఆగలేదు. అది చాలు బిమోకి.

మలాంగ్‌లో వానకి వేళాపాళా ఉండదు. ఏడాది తిరిగేసరికి అతని బైకు మీద ఒకే రెయిన్‌కోటు కింద ఇద్దరూ తడవడం అలవాటైపోయింది. పెళ్లి మాట ఎత్తితే మాత్రం ఆమె, "ఉండు బిమో, ఇంకా తేల్చుకోలేకపోతున్నా" అనేది.

ఇంతలో సింగపూర్ హోటల్ ఒకటి ఆమెని పిలిచింది. రెండేళ్ల ఉద్యోగం. అన్నీ కుదిరాయి, తోటి ఉద్యోగి ఒకరు ఆమె ఎలాంటి మనిషో ఒక్క వాక్యంలో రాసి పంపాలి, అంతే.

"నువ్వే రాయి. నీకు అబద్ధం ఆడటం చేతకాదు" అంది.

వారం తిరక్కుండా సింగపూర్ నుంచి ఫోను. మీ స్నేహితుడు 'వెనింగ్ డ్యూబియస్' అని రాశాడు, అలాంటి మనిషిని తీసుకోలేం, క్షమించండి అన్నారు.

వంటగదంతా పడీపడీ నవ్వింది. "మళ్లీ ఆ మాటేనా? నీ ఇంగ్లీషు తగలెయ్య!" అన్నాడు పెద్ద వంటాయన. వెనింగ్ రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు తనే వచ్చి, "తప్పు నాదే. పాఠం సరిగ్గా చెప్పలేదు. డౌట్‌ఫుల్ అని, అంటే నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నానని రాద్దామనుకున్నావు, అంతేగా?" అంది.

బిమో తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది.

ఎందుకంటే ఆమె ఆ తర్వాత పెళ్లికి ఒప్పుకుంది. ఆదివారం నిశ్చితార్థం. బిమో తల్లి, జంట విడిపోకుండా అతుక్కుని ఉండాలని, బెల్లం పోసి జిగురన్నం మిఠాయి వండుతోంది. శనివారం బిమో పూలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే, వెనింగ్ అతని ముందే వాళ్లమ్మతో, "వీడికి తప్పులు చేయడం వచ్చుగానీ మోసం చేయడం రాదమ్మా" అంది. ఆ తల్లి అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి బరువుకి బిమో తట్టుకోలేకపోయాడు. వెనింగ్‌ని వరండాలోకి పిలిచాడు. బయట వాన.

"అది తప్పు కాదు, వెనింగ్."

"ఏది?"

"నాకు రెండు మాటలకీ తేడా తెలుసు. మొదటిరోజే అర్థమైంది. తెలిసే రాశాను."

ఆమె మొహం మీది నవ్వు సగంలో ఆగిపోయింది. "అది రాయకముందు మంచిగా ఏమైనా రాశావా?"

"రాశాను. నీ అంత నమ్మకమైన మనిషి లేరని. తర్వాత చెరిపేశాను. నువ్వు వెళ్తే మళ్లీ రావని భయం వేసింది. ప్రేమతోనే, వెనింగ్, ఒట్టు!"

"ప్రేమతో నా పేరు చెడగొట్టావా?"

ఆమె చేతిలోని పూలు బల్ల మీద పెట్టింది. ఏడవలేదు, దానికే అతనికి ఎక్కువ భయం వేసింది.

"అందరూ నిన్ను చూసి నవ్వుతుంటే నేను వెనకేసుకొచ్చాను. నీకు ఇంగ్లీషు రాదనే నిన్ను క్షమించాను. నిజంగా రాకపోయి ఉంటే, రేపు నీ పక్కన కూర్చునేదాన్ని."

"వెనింగ్..."

"రేపు ఎవరూ రావద్దని మీ అమ్మకి నువ్వే చెప్పు. మాట తడబడిందని మళ్లీ అనకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."