ఎడమ వలయం

స్ఫాక్స్ రేవుపట్నంలో ఆ పొద్దున మామూలుగానే తెల్లారింది. కింద వీధిలో చేపలవాళ్ల కేకలు, పైన చర్మరోగాల పరీక్షగదిలో జిగురు వాసన. రఫ్లా రోజూ చేసే పనే చేసింది. గాజుపలక మీద రెండు వలయాలు గీసి, వాటిలో జిగురు రాసి, పట్టు చూడటానికి ఎడమ వలయాన్ని ముందు తన బుగ్గకే అంటించి పీకింది. కుడి వలయం రోగిది.

ఇవాళ్టి రోగి సొంత చెల్లెలే. పెళ్లి దగ్గరపడిందో లేదో, దోర్సఫ్ బుగ్గలనిండా ఎర్రటి పొక్కులు లేచాయి.

“మొహానికి హరీసా కారం గానీ పూసుకున్నావటే?”

“నవ్వు, నవ్వు! గోరింటాకు రోజుకి తగ్గకపోతే నిన్నే పీటమీద కూర్చోబెడతా.”

కుడి వలయాన్ని చెల్లెలి బుగ్గకి అంటించి, జిగురు ఆరాక పీకి, రెండు వలయాల మీదా నూనెచుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. జిగురుతో ఊడివచ్చే ఈ సన్నపురుగులు వెంట్రుక కుదుళ్లలో బతుకుతాయి, అందరి మొహాల్లోనూ ఉండేవే. మితిమీరితేనే జబ్బు. ఎప్పుడూ తలలు లోపలికి దూర్చుకుని పడుంటాయి.

ఇవి అలా లేవు. తలలు బయటికి... అన్నీ బయటికే...

రఫ్లా కటకం సరిచేసి మళ్లీ చూసింది. మొన్న స్నానశాల నడిపే హేదీ మామ బుగ్గ మీద ఇదే చూసింది. సాయంత్రానికి ఆయన లేడు. అంతకుముందు రొట్టెలమ్మే ముసలమ్మదీ అంతే. డాక్టరుకి చెబితే, “నీకు నిద్ర చాలట్లేదమ్మా” అని నవ్వేశాడు. ఇక ఎవరికి మొరపెట్టుకోవాలి? దీనికి ఏ మందుందని?

“ఏంటక్కా, చాలా ఉన్నాయా?”

“మందు... మందు రాస్తే పోతాయిలే.”

చెల్లెలి మొహం చూడలేక పలకనే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు కనబడింది, ఎడమవైపని తెలియడానికి గరుకు అంచున తను పెన్సిలుతో పెట్టిన గుర్తు. కంగారులో పలకని తిప్పి పెట్టింది. ఇందాక చూసింది ఎడమ వలయం.

పలకని కుడి వలయానికి జరిపింది. దోర్సఫ్ పురుగులు కుప్పలుగా ఉన్నాయి, తలలు లోపలికే. రఫ్లాకి సంతోషంతో ఏడుపొచ్చింది. నా చెల్లి బతుకుతుంది! ఆ ఎడమ వలయం తనదేనన్న సంగతి ఆ తర్వాతగానీ తలకెక్కలేదు.

వెళ్తూ దోర్సఫ్ అక్క రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టింది. “ఇంత చల్లగా ఉన్నావేంటక్కా?” అంటూనే మెట్లు దిగిపోయింది.

రఫ్లా మళ్లీ కన్ను ఆనించింది. ఎడమ వలయంలో ఒక్కటీ లేదు. ఖాళీ కుదుళ్లు. ఎండిన జిగురు దాటి ఎటు పోతాయి?

కుడివైపు, చెల్లెలి వలయానికి జరిపింది. అక్కడ గుంపు రెట్టింపైంది. కింద వీధిలో చేపలవాడితో చెల్లెలి బేరం, నవ్వు...

“దోర్సఫ్!” అని అరవబోయింది. కన్ను మాత్రం పలక మీంచి తీయలేకపోయింది.

గాజు మీద తలలు... ఒక్కొక్కటే... బయటికి తిరుగుతున్నాయి.