ఉయ్యాల మీద హిస్టరీ

"నా హిస్టరీ ఏదీ?" అంటూ శరభయ్య పెట్టె బోర్లించాడు.

రాజమహేంద్రవరంలో దొరగారి ఇంగ్లీషు బడి అతనిది. వానల సెలవులకి నిన్ననే పడవ దిగి కొత్తపేట చేరాడు. సెలవులవగానే పరీక్ష. నెగ్గితే పెళ్లాన్నీ పిల్లాణ్నీ వెంట తీసుకెళ్లమన్నారు తండ్రి యజ్ఞనారాయణగారు. తప్పితే ఇంకో ఏడు అతనక్కడ, సీతారత్నం ఇక్కడ.

"హిస్టరీ ఎలా ఉంటుందండీ?" అంది సీతారత్నం గుమ్మంలోంచి.

"తాటాకుల కట్ట. క్లాసులో దొరగారు చెబుతూంటే గంటంతో గీసుకున్నాను."

"పెట్టెలోవా? అవి ఖాళీ ఆకులు కదండీ!"

"ఖాళీవేవిటి? మసి పూయడానికి తీరిక లేకపోయింది."

గీసిన ఆకుకి మసి పూస్తేనే అక్షరం కనబడేది. పెళ్లయ్యేదాకా వీధిబడికి వెళ్లిన సీతారత్నానికీ ఆ సంగతి తెలుసు. ఆమె మెల్లిగా ఉయ్యాల వైపు చూసింది.

ఉయ్యాల మీద తాటాకు చిలకలు గాలికి తిరుగుతున్నాయి. పిల్లాడు వాటిని చూసి కాళ్లాడిస్తున్నాడు.

"ఎంత పని చేసేవు సీతా!"

"చీల్చలేదండీ, తడిగుడ్డలో మెత్తబరిచి మడిచేనంతే. అయినా మసి పూసుకోవద్దూ?"

"అయితే తప్పు నాదా?"

"సగం మీదే."

చిలకలు విప్పారు. బయట వాన, లోపల పిల్లాడి ఏడుపు. సీతారత్నం కాలి బొటనవేలితో ఉయ్యాల తాడు లాగుతూ ఆకులకి మసి రుద్దింది. అక్షరాలైతే తేలాయి గాని, ఏది ముందో ఏది వెనకో తెలియలేదు.

"అంకెలు వెయ్యలేదేం?" అంది.

"మా ఇంట్లో వేదమంతా నోటికే కదా. గుర్తుంటుందనుకున్నాను."

"రాజులొక కట్ట, యుద్ధాలొక కట్ట కడదాం. చదవండి."

"దొరగారు రెండూ కలిపే చెప్పేరు."

"ఆయనకి ఉయ్యాల ఊపే పని లేదుగా! విడివిడిగా ఉంటే వెతుక్కోనక్కర్లేదు."

అతను చదివాడు. ఆమె అంచున అంకె వేసి దారం ఎక్కించింది.

"నీ బుగ్గంతా మసి."

"ఆకు చూడండి, బుగ్గ కాదు."

గుమ్మంలో దగ్గు వినబడింది. పట్టపగలు మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చోవడం ఆ ఇంట లేదు. సీతారత్నం తలుపు చాటుకి తప్పుకుంది.

"ఏవిట్రా ఇది?" అన్నారు యజ్ఞనారాయణగారు.

శరభయ్య లేచి నిలబడ్డాడు. "హిస్టరీ, నాన్నగారూ. తను సర్దింది. తను పక్కనుంటేనే నాకు చదువు సాగుతుంది. పరీక్షయ్యేదాకా ఆగలేను. ఈ సెలవులవగానే తీసుకెళ్తానండి."

ఆయన కట్టలు తిప్పి చూశారు. కొడుకు మొహం చూశారు.

"పడవవాడికి ముగ్గురని చెప్పిరానా?"

"ఆయ్!" అన్నాడు శరభయ్య గట్టిగా.

ఆయన వెళ్లగానే తలుపు చాటునించి మాట వచ్చింది.

"పరీక్ష తప్పేరో, మిమ్మల్నొక్కరినే వెనక్కి పంపించేస్తాను. మేమిద్దరం అక్కడే ఉంటాం."